వాళ్ల టెంటు, మా మంచె



పోస్టు పెద్దదే. ఓపిగ్గా చదవండి, సగంలో ఆపి లైక్ కొట్టి వెళ్లిపోకండి.

మా హాస్టల్ గదిలో ఏడుగురం ఉంటాం. ఇద్దరు బగత, ఇద్దరు కొండదొర, ఒకడు వాల్మీకి, ఒకడు కోయ, ఒకడు కొండరెడ్డి. ఏడుగురిలో ఎవరి ఇంట్లోనూ మాకన్నా ముందు కాలేజీ గుమ్మం తొక్కిన మనిషి లేడు. నెట్ సరిగ్గా వచ్చే ఫోను గది మొత్తానికి ఒక్కటే. రోజుకి ఒకటిన్నర జీబీ. మొన్న డిసెంబరులో ఆ ఒకటిన్నర జీబీని తొమ్మిది రాత్రుల పాటు ఒకే పనికి ఖర్చు పెట్టాం. అమెరికాలో డెన్వర్ అనే ఊళ్లో ఉండే మన తెలుగు జంట ఒకటి, జూలై నెలలో కారేసుకుని అక్కడి కొండల్లో ఉన్న నేషనల్ పార్కులన్నీ తిరిగొచ్చి పెట్టిన వీడియోలు అవి. రాకీ మౌంటెన్, గ్రాండ్ టీటన్, యెల్లోస్టోన్, ఆఖర్న కెనడా సరిహద్దు దగ్గరున్న గ్లేషియర్. ఒక్క రాత్రి కూడా హోటల్లో పడుకోలేదు. అంతా టెంటే.

నిజం చెప్పాలంటే మాకు పిచ్చెక్కినట్టు నచ్చింది. లైట్లు ఆపేశాక దోమతెరలో ఏడు తలకాయలు పెట్టి చూసేవాళ్లం. మొదటి రోజే ఆ అన్నా వదినా ట్రయల్ రిడ్జ్ అనే రోడ్డు ఎక్కారు. దాని మీద ఎత్తయిన చోటు 3,713 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద కొండైనా 1,700 మీటర్ల లోపే. అంటే మన కొండ మీద ఇంకో కొండ పెట్టినా అందదు. అంత ఎత్తులో చెట్టన్నది ఉండదు, నేలకి అతుక్కుని గడ్డి, చిన్న చిన్న పూలు. జూలైలో కూడా రోడ్డు పక్కన మంచు. "ఆళ్లకి ఇంక లంబసింగి ఏం చూపిస్తాంరా" అన్నాడు మా చింతపల్లి బావ.

టెంటు వేసుకునే చోటు కూడా ఆరు నెలల ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకోవాలట. ఒక్కో టెంటుకి ఒక బల్ల, నిప్పు వేసుకోడానికి ఇనప చట్రం, ఒక పెద్ద ఇనప పెట్టె. ఆ పెట్టె ఎలుగుబంట్ల కోసం. అంటే ఎలుగుని పెట్టడానికి కాదు, ఎలుగు ముక్కుకి అందకుండా తిండి దాచడానికి. బియ్యం, నూనె, సబ్బు, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా అందులోనే పెట్టి గొళ్లెం వెయ్యాలి. వదిన ఆవకాయ సీసాకి మూడు ప్లాస్టిక్ కవర్లు చుట్టి మరీ పెట్టింది. అన్నేమో "ఈ వాసనకి కెనడా ఎలుగులు కూడా వస్తాయే" అంటున్నాడు. ఎలుగుకి, తోడేలుకి వంద గజాలు, అడవిదున్నకి పాతిక గజాలు దూరం ఉండాలని అక్కడ రూలు. ఆ దున్నలేమో రూలు చదవవు కదా, రోడ్డుకి అడ్డంగా మంద మంద నిలబడితే కార్లన్నీ గంటసేపు ఆగిపోయాయి.

టీటన్ దగ్గర రాత్రి వానకి టెంటు లోపలికి నీళ్లొచ్చి ఇద్దరూ పోట్లాడుకున్నారు. హోటల్‌కి పోదాం అని వదిన, ఆర్నెల్ల ముందు బుక్ చేశానే అని అన్న. గదిలో మేము కూడా రెండు పార్టీలయ్యాం. వదిన పార్టీయే గెలిచింది, నలుగురం.

మమ్మల్ని ఎక్కువగా నవ్వించింది వేరే సంగతి. పట్నం మనుషులు డబ్బులు కట్టి, సెలవు పెట్టి, వందల మైళ్లు నడిపి నేల మీద పడుకోడానికి వెళ్తున్నారు! మా నాన్నలు ఏటా కోతల ముందు నెలా నెలన్నర మంచె మీదే పడుకుంటారు. నాలుగు గుంజలు, వెదురు తడికె, పైన ఆకులు. పోడులో సామ, జొన్న, కంది పండే టైముకి పందులు దిగుతాయి. రాత్రంతా డబ్బా కొడుతూ, కేకలేస్తూ, నెగడు ఆరిపోకుండా చూసుకుంటూ కూర్చోవాలి. ఆ చలి మాకు తెలుసు. ఆ అన్న, "నక్షత్రాలు ఇన్ని ఉంటాయని నాకు తెలీదు" అన్నప్పుడు మా కోయ తమ్ముడు "మా మంచెకి రా అన్నా, ఫ్రీగా చూపిస్తా" అన్నాడు. వాళ్లకి ఎలుగు కనబడితే అదృష్టం, వీడియోకి లైకులు. ఇప్పపువ్వు ఏరుకునే రోజుల్లో చీకటితో అడవికి వెళ్లే మన ఆడవాళ్లకి ఎలుగు ఎదురుపడటం అంటే ఏంటో ఈ గ్రూపులో కొందరికి నేను చెప్పక్కర్లేదు అని ఎవరూ ఒక్కరు అనలేరు, మా ఏడుగురిలో ముగ్గురి ఊళ్లలో ఆ దెబ్బలు తిన్నవాళ్లున్నారు.

అసలు సంగతి ఆరో వీడియోలో ఉంది. యెల్లోస్టోన్‌లో ఒక బోర్డు ముందు వదిన నిలబడి, ఈ నేలతో 27 తెగలకి సంబంధం ఉందంట అని చదివింది. "ఓ, నైస్" అని అన్న కెమెరా తిప్పేశాడు. పది సెకన్లు కూడా లేదు. తర్వాత వేడినీళ్లు ఆకాశానికి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్. దాదాపు గంటన్నరకి ఒకసారి చిమ్ముతుంది, అందరూ బెంచీల మీద సినిమా హాల్లోలా కూర్చుని ఉన్నారు. మా కొండరెడ్డి తమ్ముడు ఫోను లాక్కుని వీడియో వెనక్కి తిప్పాడు. "ఆగండ్రా. 27 తెగలు అంటే ఆళ్లు ఏరీ? వీడియోలో ఒక్కడూ కనబళ్లేదు."

మర్నాడు మా హిస్టరీ మేడమ్‌ని అడిగాం. ఆవిడ మార్క్ డేవిడ్ స్పెన్స్ అనే ఆయన 1999లో రాసిన 'డిస్‌పొసెసింగ్ ది వైల్డర్నెస్' అనే పుస్తకం గురించి చెప్పి, యెల్లోస్టోన్, గ్లేషియర్, యోసెమిటీ పార్కుల కథ అందులో ఉందన్నారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మేడమ్ చెప్పినవీ, నెట్‌లో దొరికినవీ నెల రోజులు చదివాం. పరీక్షలకి కూడా ఇంత చదవలేదు.

యెల్లోస్టోన్ ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు. 1872 మార్చి 1న అప్పటి ప్రెసిడెంట్ గ్రాంట్ సంతకం పెట్టాడు. దాదాపు 9,000 చదరపు కిలోమీటర్లు. ఆ కొండల్లో ఏడాది పొడవునా ఉన్నవాళ్లు షోషోనీ జాతిలో ఒక శాఖ, పేరు టుకుడికా. కొండగొర్రెని వేటాడి తినేవాళ్లని ఆ మాటకి అర్థం. ఆ గొర్రె కొమ్ముల్ని వేడి ఊటల్లో మెత్తబెట్టి విల్లులు చేసేవాళ్లట. మరి పార్కు అధికారులు జనంలో ఏం ప్రచారం చేశారో తెలుసా? ఇండియన్లకి ఆ చిమ్మే నీళ్లంటే భయం, అందుకే ఎప్పుడూ ఇటు రాలేదు, ఇది ఖాళీ అడవి అని! ఆ నీళ్లలోనే విల్లు చేసుకున్న మనుషుల గురించి! పార్కు వచ్చిన పదేళ్లు తిరక్కుండానే వాళ్లని దూరంగా ఉన్న రిజర్వేషన్లకి పంపేశారు. 1886 నుంచి 1918 దాకా ఆ పార్కుకి కాపలా కాసింది సైన్యం.

చదువుతుంటే ఇంకో జంట దొరికింది. వీళ్ల కథ విన్నాక మా గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. జార్జ్ కోవన్, ఎమ్మా కోవన్. మోంటానాలో రాడర్స్‌బర్గ్ అనే ఊరు. 1877 ఆగస్టులో, అంటే పార్కు పుట్టిన అయిదేళ్లకి, బంధువులు స్నేహితులతో కలిసి గుర్రాల మీద, బండి మీద యెల్లోస్టోన్‌కి క్యాంపింగ్‌కి వెళ్లారు. ఆగస్టు 24 వాళ్ల రెండో పెళ్లిరోజు. ఆ పొద్దున్న టెంటు దగ్గరికి నెజ్ పెర్స్ జాతి వాళ్లు వచ్చారు.

నెజ్ పెర్స్ అక్కడికి ఎందుకొచ్చారో తెలియకపోతే ఇది దోపిడీ కథలా వినిపిస్తుంది. వాళ్ల నేలలో బంగారం దొరికింది. 1863లో ఒక ఒప్పందం చేసి రిజర్వేషన్‌లో పదింట తొమ్మిది వంతులు కోసేశారు. దానికి సంతకం పెట్టని గుంపుల్ని 1877లో ఖాళీ చెయ్యమన్నారు. ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు, గుర్రాల మందలు, అందరూ కలిపి సుమారు ఎనిమిది వందల మంది నడక మొదలుపెట్టారు. వెనక సైన్యం. ఆగస్టు 9న బిగ్ హోల్ అనే చోట తెల్లారకముందే, నిద్రలో ఉండగా సైన్యం మీదపడి కాల్చింది. చనిపోయినవాళ్లలో చాలామంది ఆడవాళ్లు, పిల్లలు. ఇది జరిగిన పదిహేను రోజులకి వాళ్లకి దారిలో తగిలింది పెళ్లిరోజు జరుపుకుంటున్న జంట.

కోపంతో ఉన్న కుర్రాళ్లు జార్జ్‌ని కాల్చారు. తలకి తగిలింది, చచ్చాడనుకుని వదిలేశారు. ఎమ్మానీ, ఆమె అన్ననీ, చెల్లెల్నీ వెంట తీసుకెళ్లారు. కానీ పెద్దలు అడ్డుపడి ఆ ముగ్గురినీ గుర్రాలిచ్చి వదిలిపెట్టారు. జార్జ్ చావలేదు. రోజుల తరబడి నేల మీద పాక్కుంటూ వెళ్లి సైన్యం వాళ్లకి దొరికాడు. తలలోంచి తీసిన తూటాని తర్వాత గడియారం గొలుసుకి తగిలించుకున్నాడట. భార్యాభర్తలు మళ్లీ కలుసుకున్నారు, కొన్నేళ్లకి మళ్లీ అదే పార్కు చూడటానికి కూడా వచ్చారు.

నెజ్ పెర్స్ మాత్రం ఇంకా ఉత్తరానికి నడిచి, మొత్తం 1,800 కిలోమీటర్లకి పైగా తిరిగి, అక్టోబర్ 5న కెనడా సరిహద్దు ఇంకా అరవై అయిదు కిలోమీటర్లు ఉందనగా లొంగిపోయారు.

మా చింతపల్లి బావ ఒకటే అడిగాడు. ఒకే రోజు, ఒకే అడవి. ఒకరేమో సరదాకి టెంటేసుకున్నారు, ఇంకొకరేమో పారిపోతూ టెంటేసుకున్నారు. పార్కు ఎవరిది? ఎమ్మా తప్పేం లేదు, మా వీడియోల వదిన తప్పూ ఏం లేదు. అయినా ఆ ప్రశ్న ఇప్పటికీ మా గదిలో అలాగే ఉంది.

గ్లేషియర్ పార్కు కథ చిన్నగా చెప్తాం, ఎందుకంటే అది మనకి మరీ దగ్గరగా ఉంది. ఆ పార్కు తూర్పు సగం బ్లాక్‌ఫీట్ వాళ్ల నేల. 1895లో పదిహేను లక్షల డాలర్లకి ఆ కొండల్ని ప్రభుత్వానికి రాసిచ్చారు. కానీ అక్కడ వేటాడే హక్కు, చేపలు పట్టే హక్కు, కలప కొట్టుకునే హక్కు మాకే ఉంటాయని కాగితంలో రాయించుకున్నారు. ఆ నేల ప్రభుత్వ భూమిగా ఉన్నన్నాళ్లూ అని షరతు. 1910లో అది నేషనల్ పార్కయింది. ఇప్పుడిది పార్కు కదా, ఆ హక్కులు పోయాయి అన్నారు. వేటకి వెళ్తే దొంగ. అదే టైములో రైల్వే కంపెనీ వాళ్లు టూరిస్టుల్ని ఆకర్షించడానికి అదే బ్లాక్‌ఫీట్ మనుషుల్ని ఈకల కిరీటాలతో స్టేషన్లో, హోటళ్ల ముందు నిలబెట్టారు. అడవిలో ఉంటే నేరం, హోటల్ ముందు ఉంటే బొమ్మ. రిసార్టుల్లో టూరిస్టులకి థింసా ఆడే మన అక్కలు గుర్తొచ్చారు. వాళ్లని తక్కువ చెయ్యడం లేదు, ఆ డబ్బుతో ఫీజులు కట్టుకున్న చెల్లెళ్లు మా కాలేజీలోనే ఉన్నారు. మారేడుమిల్లిలో బొంగు చికెన్ అమ్మేవాళ్లు, గుడిస వైపు టూరిస్టుల్ని జీపుల్లో ఎక్కించేవాళ్లు మనవాళ్లే. మా కోపం టూరిస్టు మీద కాదు. సీసాలు పగలగొట్టి పోయేవాళ్ల మీద మాత్రం ఉంది.

ఇక ఇక్కడికి వద్దాం. యెల్లోస్టోన్ 1872. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972. సరిగ్గా వందేళ్లు. నేషనల్ పార్కు అన్న మాట, లోపల మనిషి ఉండకూడదన్న ఆలోచన, రెండూ కలిసే సముద్రం దాటి వచ్చాయి. ఆ చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. గోదావరికి రెండు పక్కలా ఉన్న పాపికొండలు 2008లో నేషనల్ పార్కయింది, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ కొండరెడ్లు ఎన్ని తరాల నుంచి ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు?

మనకీ అమెరికాకీ తేడా లేదనుకోవద్దు. మనకి 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. బ్లాక్‌ఫీట్ వాళ్ల చేతిలో ఇలాంటిది లేదు. ఈ చట్టంలో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, నేషనల్ పార్కులు కూడా కలిపే. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న గిరిజనులకి అక్కడా హక్కు వస్తుంది. జంతువుల కోసం ఏదైనా ఊరిని తరలించాలంటే గ్రామసభ ఇష్టపూర్వకంగా, అన్నీ తెలుసుకుని, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. సెక్షన్ 4(2). ఫోన్లో సేవ్ చేసుకోండి. గ్రామసభ అంటే పది మంది సంతకాలు ఇళ్ల దగ్గర తిరిగి తీసుకోవడం కాదని ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పండి.

మా కొండరెడ్డి తమ్ముడి ఊరు ఆ పార్కు లోపలే. వాళ్ల నాన్న పోడు పట్టా దరఖాస్తు పెట్టి ఏళ్లయింది, అవునని లేదు కాదని లేదు. ఇదే తమ్ముడు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకి చదువుతున్నాడు. అందులో నడక పరీక్ష ఉంటుంది, మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడవాలి. "మా అమ్మ సంతకి పోయొస్తే అంతే అవుద్ది, అది కూడా నెత్తి మీద గంపతో" అంటాడు. నడక గురించి వాడికి బెంగ లేదు. పోస్టింగ్ వాళ్ల ఊరి వైపే పడితే ఏం చెయ్యాలన్నదే బెంగ. వాళ్ల చిన్నాన్న వెదురు కొట్టుకొస్తుంటే ఆపాల్సింది వాడే.

గదిలో పెద్ద గొడవ జరిగింది దీని మీద. వద్దు అన్నవాళ్లు ముగ్గురు. యూనిఫాం వేసుకున్నాక మనవాడు కూడా ఆఫీసు మనిషే అవుతాడని. వెళ్లాలి అన్నవాళ్లు చక్ శామ్స్ పేరు తెచ్చారు. అమెరికా పార్కులన్నీ చూసే శాఖ 1916లో పుట్టింది. దానికి మొదటిసారి ఒక ఆదివాసీ డైరెక్టర్ అయ్యింది 2021 డిసెంబరులో, ఆయనే చక్ శామ్స్, ఉమటిల్లా రిజర్వేషన్ మనిషి. నూట అయిదేళ్లు పట్టింది. 2022లో యెల్లోస్టోన్‌లో మౌంట్ డోన్ అనే శిఖరం పేరు మార్చారు. డోన్ అనే సైనికాధికారి 1870లో బ్లాక్‌ఫీట్ వాళ్ల ఊరి మీద జరిగిన ఊచకోతలో ఉన్నాడు, కనీసం 173 మంది చనిపోయారు. ఇప్పుడు ఆ శిఖరం పేరు ఫస్ట్ పీపుల్స్ మౌంటెన్. "పేరు మారింది సరే, మరి భూమి?" అన్నాడు మా వాల్మీకి మామ. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. తమ్ముడు మాత్రం పుస్తకం మూయలేదు, చదువుతూనే ఉన్నాడు. మేము వాడికి కరెంట్ అఫైర్స్ చదివి వినిపిస్తున్నాం, వద్దన్న ముగ్గురు కూడా.

పేర్ల గురించి ఇంకోటి ఉంది, ఈ పోస్టు రాయడానికి కారణం అదే. ఆ జంట మొదటి రోజు తిరిగిన రాకీ మౌంటెన్ పార్కు 1915లో వచ్చింది. దానికి ఏడాది ముందు కొండల పేర్లు తెలుసుకుందామని అరాపహో పెద్దలిద్దర్ని, గన్ గ్రిస్‌వోల్డ్, షెర్మన్ సేజ్ అనేవాళ్లని, రిజర్వేషన్ నుంచి పిలిపించారు. ఒకప్పుడు తమదైన నేల. గుర్రాల మీద రెండు వారాలు తిరుగుతూ ఏ కొండ పేరు ఏంటో, ఏ దారి ఎటు పోతుందో, ఎక్కడ యుద్ధం జరిగిందో చెప్పారు. వాటిలో కొన్ని పేర్లు ఇవాళ్టికీ మ్యాపుల మీద ఉన్నాయి. తర్వాత ఏడాది పార్కయింది. పెద్దలు తిరిగి రిజర్వేషన్‌కే వెళ్లారు.

అది చదివాక మేమూ ఒక నోట్‌బుక్ పెట్టాం. మన కొండలకి ఫారెస్టు మ్యాపుల్లో కంపార్ట్‌మెంట్ నంబర్లే కనబడతాయి. ఏ రాయి దగ్గర ఏ పూజ, ఏ గెడ్డ ఎండాకాలం కూడా పారుతుంది, ఏ చెట్టు కింద విత్తనాల పండగ, ఇవన్నీ ఊళ్ల పేర్లతో రాద్దామని. ఇప్పటికి అరవై రెండు పేర్లు వచ్చాయి, ఎక్కువ పాడేరు వైపువే. కొండరెడ్డి తమ్ముడి వంతు వచ్చినప్పుడు వాళ్ల నాన్నమ్మకి ఫోన్ చేశాడు. సిగ్నల్ కోసం ఆవిడని గట్టు మీదికి తీసుకొచ్చారు. స్పీకర్ పెట్టి అందరం విన్నాం. పేర్లు చెప్పమంటే కాసేపు మాట్లాడలేదు.

"రాసుకుని ఎవరికిత్తావురా అయ్యి?"

"ఎవరికీ ఇవ్వను నాన్నమ్మా, మాకోసమే."

"పోటీ పరీచ్చ రాత్తన్నావంట గదా ఫారెస్టోళ్లకి. అయ్యి ఆళ్లకా?"

వాడు ఏం చెప్పలేక మా వైపు చూశాడు. మేము చెప్పగలిగింది కూడా ఏం లేదు. ఆఖరికి ఆవిడే అంది, ఫోన్లో చెప్పేవి కావు, మామిడి పండగకి ఇంటికి రా, నడిచి తిరుగుదాం, చూపిస్తా, కాగితం కలం మాత్రం ఇంట్లో పెట్టి రా అని.

అందుకని పండగకి ఏడుగురం వెళ్తున్నాం. నోట్‌బుక్ హాస్టల్లోనే ఉంటుంది. ఆ వైపు ఊళ్ల వాళ్లు ఈ గ్రూపులో ఎవరైనా ఉంటే, బస్సు దిగాక ఊరి దాకా జీపు ఆ టైములో నడుస్తుందో లేదో కామెంట్లో చెప్పండి. పాత టార్చిలైట్లు ఎవరి దగ్గరైనా ఉంటే రెండు కావాలి, తిరిగి ఇచ్చేస్తాం.

ఇట్లు,
గది నంబర్ 7 వాళ్లం